వజ్రం చట్రంలో మెత్తని రాయి

(ఒడిశాలోని బరంపురంలో స్వర్ణకారులు, కాలేజీ విద్యార్థులు కలిసి కూర్చున్న ఒక తెలుగు సభలో చేసిన ప్రసంగం పాఠం)

పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు, వెనక నిలబడిన కాలేజీ పిల్లలకు నమస్కారం. పర్లాకిమిడి, రాయగడ, గుణుపురం వైపు నుంచి పని ఆపుకొని వచ్చిన స్వర్ణకారులు చాలామంది కనిపిస్తున్నారు. పెళ్ళిళ్ళ సీజన్‌లో ఒక పూట కుంపటి ఆర్పి రావడమంటే ఏమిటో నాకు తెలుసు. అందుకని ఉపోద్ఘాతం పెట్టుకోకుండా రాయి దగ్గరికే వస్తాను.

షాపులో రాళ్ళ మాట వచ్చినప్పుడు కుర్రవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. వజ్రం కంటే ఎక్కువ మెరిసే రాయి ఉందా అని. ఉంది. దాని పేరు స్ఫాలెరైట్. జింక్ బ్లెండ్ అని కూడా అంటారు. రసాయనంగా చూస్తే జింక్, గంధకం కలిసిన జింక్ సల్ఫైడ్. వజ్రం విసిరే రంగుల కంటే ఈ రాయి విసిరే రంగులు మూడు రెట్లకు పైగా ఎక్కువ. అయినా దీన్ని ఏ పెళ్ళి ఉంగరంలోనూ మీరు చూసి ఉండరు. రాగి నాణెం కంటే కొంచెం గట్టిది, చాకు మొన కంటే మెత్తనిది. రంగులు అంత ఎక్కువగా ఉండడానికీ, ఒళ్ళు ఇంత మెత్తగా ఉండడానికీ ఈ రాయిలో మూలం ఒకటే. ఈ రోజు నేను చెప్పాలనుకున్నది అదే.

ముందు మెరుపు అనే మాటను విడగొట్టుకుందాం. మనం మెరుపు అని ఒకే మాట వాడతాం కానీ అందులో మూడు పనులు జరుగుతున్నాయి. మొదటిది రాయి పైతలం మీదే జరుగుతుంది. పడ్డ వెలుగులో కొంత లోపలికి పోకుండా అక్కడి నుంచే వెనక్కి వస్తుంది. దాన్ని తళుకు అందాం. రెండోది, లోపలికి వెళ్ళిన వెలుగు కింది ముఖాల మీద తగిలి మళ్ళీ పైకి రావడం. మూడోది, అలా తిరిగి వచ్చే తెల్లని వెలుగు ఎరుపు, ఆకుపచ్చ, నీలంగా విడిపోవడం.

మొదటి రెండూ వక్రీభవన గుణకం మీద, అంటే రాయి వెలుగు నడకను ఎంత నెమ్మది చేస్తుందో చెప్పే అంకె మీద ఆధారపడతాయి. వజ్రానికి అది 2.417. స్ఫాలెరైట్‌కు సుమారు 2.37, ఇనుము ఎక్కువ ఉన్న రాయికి ఇంకొంచెం ఎక్కువ. లెక్క వేసి చూస్తే నిటారుగా పడ్డ వెలుగులో వజ్రం 17 శాతం, స్ఫాలెరైట్ 16 శాతం పైతలం నుంచే వెనక్కి పంపుతాయి. మామూలు స్ఫటికం, అంటే క్వార్ట్జ్, ఐదు శాతం కూడా పంపదు. సందిగ్ధ కోణం, అంటే వెలుగు లోపలి నుంచి బయటికి జారిపోగల హద్దు కోణం, కూడా అంతే, వజ్రానికి 24 డిగ్రీలు దాటి, దీనికి 25 డిగ్రీలు. లోపలికి వెళ్ళిన వెలుగు కింది నుంచి జారిపోకుండా రెండింటిలోనూ దాదాపు ఒకేలా తిరిగి వస్తుంది. ఈ రెండు విషయాల్లో వజ్రం ఒక్క అడుగు ముందుంది, అంతే.

మూడో దాంట్లోనే తేడా. కాలేజీ పిల్లలు పదో తరగతిలో పట్టకం చదువుకున్నారు. తెల్లని వెలుగు పట్టకంలో విడిపోవడాన్ని కాంతి విక్షేపణం అన్నారు. రత్నాల శాస్త్రంలో దాన్ని ఒక అంకెగా చెబుతారు. సూర్యకాంతిలో ఫ్రాన్‌హోఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త గుర్తించిన రెండు నల్లని గీతలు తీసుకుంటారు. ఒకటి ఎరుపులో, అల పొడవు 686.7 నానోమీటర్ల దగ్గర (నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లో వంతు), ఇంకొకటి ఊదా వైపు 430.8 దగ్గర. ఆ రెండు రంగులకూ రాయి వక్రీభవన గుణకం విడివిడిగా కొలిచి, ఒకదాంట్లోంచి ఇంకొకటి తీసేస్తారు. వజ్రానికి ఎరుపులో 2.407, ఊదాలో 2.451. తేడా 0.044. స్ఫాలెరైట్‌కు ఆ తేడా 0.156. పక్కన పెట్టి చూసుకోవడానికి ఇంకొన్ని చెబుతాను: క్వార్ట్జ్ 0.013, కెంపు, నీలం 0.018, జిర్కాన్ 0.039, ఆకుపచ్చ గార్నెట్లలో పేరున్న డెమాంటాయిడ్ 0.057. డెమాంటాయిడ్‌ను దాని రంగుల కోసమే వెతికి కొంటారు, అయినా ఈ రాయి ముందు అది మూడో వంతు దగ్గరే ఆగిపోయింది.

ఇంత తేడా ఎందుకు? దీన్ని నాకు చేతనైనంత తేలికగా చెప్పడానికి ప్రయత్నిస్తాను, ఎందుకంటే రాయిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

వెలుగు రాయిలోకి వెళ్ళినప్పుడు అక్కడున్న ఎలక్ట్రాన్లను ఊపుతుంది. ఊగే ఎలక్ట్రాన్లు వెలుగు నడకను నెమ్మది చేస్తాయి. ఎంత ఊగితే అంత నెమ్మది. ఉయ్యాల ఊపేటప్పుడు దాని సొంత లయకు దగ్గరగా తోస్తే చిన్న తోపుకే పెద్దగా ఊగుతుంది కదా, ఎలక్ట్రాన్లూ అంతే. ప్రతి పదార్థానికీ ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు దాటిన వెలుగును అది పూర్తిగా మింగేస్తుంది. వజ్రానికి ఆ హద్దు సుమారు 225 నానోమీటర్ల దగ్గర, అతినీలలోహితంలో చాలా లోపల ఉంది. మన కంటికి కనిపించే ఊదా రంగు 400 దగ్గర మొదలవుతుంది. అంటే వజ్రంలో ఊదా వెలుగు కూడా హద్దుకు చాలా దూరంలో ఉన్నట్టే. ఎరుపు ఇంకా దూరం. రెండింటికీ పెద్ద తేడా రాదు. స్ఫాలెరైట్ హద్దు 340 నానోమీటర్ల చుట్టుపక్కల ఉంది. ఊదా వెలుగు దానికి పొరుగున నడుస్తోంది, ఎరుపు మాత్రం దూరంగానే ఉంది. ఊదా బాగా నెమ్మదిస్తుంది, ఎరుపు అంత నెమ్మదించదు. ఆ తేడాయే 0.156.

మరి హద్దు ఎందుకు దగ్గరికి వచ్చింది? ఎలక్ట్రాన్ల మీద పట్టు వదులుగా ఉండబట్టి. ఇక్కడి నుంచి రాయి మెత్తదనం కథ కూడా మొదలవుతుంది.

1912లో జర్మనీలోని మ్యూనిక్‌లో మాక్స్ ఫాన్ లావె సలహాతో ఫ్రీడ్రిఖ్, క్నిపింగ్ అనే ఇద్దరు స్ఫటికాల గుండా ఎక్స్ కిరణాలు పంపారు. మంచి ఫోటోలు ఇచ్చిన స్ఫటికాల్లో జింక్ బ్లెండ్ ఒకటి. ఆ చుక్కల ఫోటోలను కేంబ్రిడ్జ్‌లో చదువుకుంటున్న లారెన్స్ బ్రాగ్ అనే 22 ఏళ్ళ కుర్రవాడు తీసుకుని, పరమాణువులు ఏ వరసలో నిలబడ్డాయో తేల్చాడు. తరవాత అతనూ, తండ్రి విలియం బ్రాగూ కలిసి వజ్రం నిర్మాణం కూడా తేల్చారు. 1915లో ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. వెనక నిలబడిన పిల్లలు గుర్తుపెట్టుకోండి, అప్పటికి ఆ అబ్బాయికి 25 ఏళ్ళు. పదార్థం లోపల ఏముందో మనిషి మొదటిసారి చూసింది ఈ రాయి లాంటి కొన్ని స్ఫటికాల్లోనే.

వాళ్ళు చూసింది ఇది. వజ్రంలో ప్రతి కార్బన్ పరమాణువు చుట్టూ నాలుగు కార్బన్ పరమాణువులుంటాయి. స్ఫాలెరైట్‌లో చట్రం అచ్చంగా అదే. కాకపోతే ప్రతి జింక్ చుట్టూ నాలుగు గంధకం పరమాణువులు, ప్రతి గంధకం చుట్టూ నాలుగు జింక్ పరమాణువులు. వజ్రంలో పరమాణువుకూ పరమాణువుకూ మధ్య దూరం 1.54 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ నానోమీటరులో పదో వంతు), ఇందులో 2.34. వజ్రంలో రెండు పక్కలా ఒకే రకం పరమాణువు కాబట్టి ఎలక్ట్రాన్లను సమంగా పంచుకుంటాయి. ఇక్కడ గంధకం వాటిని కొంచెం తన వైపు లాక్కుంటుంది. బంధం పొడుగు, పట్టు తక్కువ. పట్టు తక్కువ కాబట్టి ఎలక్ట్రాన్లు తేలికగా ఊగుతాయి, రంగులు విడిపోతాయి. ఆ పట్టు తక్కువ కాబట్టే గీత పడుతుంది. గట్టిదనాన్ని ఒకటి నుంచి పది దాకా చూపే మోస్ కొలబద్ద మీద వజ్రం 10, స్ఫాలెరైట్ మూడున్నర నుంచి నాలుగు.

ఇది విని కుర్రవాళ్ళు ఒక సూత్రం కట్టేసుకోకండి. రంగులు ఎక్కువున్న ప్రతి రాయీ మెత్తనిదే అనుకుంటే మొయిసనైట్ అనే సిలికాన్ కార్బైడ్ రాయి దగ్గర దెబ్బ తింటాం. దాని విక్షేపణం 0.104, గట్టిదనం తొమ్మిది దాటి ఉంటుంది. అందులో సిలికాన్, కార్బన్ మధ్య బంధం పొట్టిది, బలమైనది. మన ఛత్రపురం ఇసుకలో ఇల్మెనైట్, గార్నెట్, జిర్కాన్‌లతో పాటు దొరికే రూటైల్‌ను చూడండి. విక్షేపణంలో అది స్ఫాలెరైట్‌ను కూడా దాటిపోతుంది, గట్టిదనం ఆరు. 1940ల చివర నుంచి కృత్రిమ రూటైల్‌ను వజ్రానికి బదులుగా అమ్మారు కూడా. కానీ రూటైల్ వెలుగును రెండుగా చీలుస్తుంది, అందువల్ల లోపలి ముఖాల అంచులు జంటగా, మసకగా కనిపిస్తాయి. స్ఫాలెరైట్‌లో ఆ బాధ లేదు. వజ్రంలాగే ఘనాకార వ్యవస్థ, ఏక వక్రీభవనం, అంటే వెలుగును రెండుగా చీల్చదు. అంచులు శుభ్రంగా కనిపిస్తాయి. అన్ని రంగులు చిమ్ముతూ ఇంత స్పష్టంగా ఉండే సహజమైన రాయి ఇంకొకటి నా దృష్టిలో లేదు.

గట్టిదనం ఒక్కటే అయితే జాగ్రత్తగా వాడుకోవచ్చు. అసలు చిక్కు చీలికతో, అంటే కొన్ని దిక్కుల్లో రాయి పలకలా విడిపోయే గుణంతో. వజ్రానికి నాలుగు దిక్కుల్లో చీలిక ఉంది. సూరత్‌లో వజ్రం కోసేవాళ్ళు ఆ దిక్కులు చూసుకున్నాకే పని మొదలు పెడతారు. స్ఫాలెరైట్‌కు ఆరు దిక్కులు, అవీ వజ్రం చీలే దిక్కులు కావు. చట్రం ఒకటే అయినప్పుడు చీలిక ఎందుకు మారింది? వజ్రం చీలే దిక్కులో స్ఫాలెరైట్‌ను చీల్చాలంటే ఒక వైపు అంతా జింక్, ఎదుటి వైపు అంతా గంధకం ఉన్న పొరలను విడదీయాలి. ధన, రుణ ఆవేశాలు ఒకదాన్నొకటి లాగుతూ ఉంటాయి, అవి తేలికగా వదలవు. ఇంకో దిక్కులో, జింక్, గంధకం సమానంగా ఉన్న పొరలుంటాయి. వాటికి మొత్తంమీద ఆవేశం లేదు. అక్కడ విడిపోతుంది. అలాంటి దిక్కులు ఆరు. రాయిని ఎలా తిప్పి పట్టుకున్నా ఏదో ఒక చీలిక ఏదో ఒక ముఖానికి దగ్గరగా వస్తుంది.

సాన పట్టేవాడి కష్టం ఇక్కడే. ముఖం చీలికకు సరిగ్గా సమాంతరంగా పడిందా, మెరుగు రాదు, పొరలు లేస్తాయి. కొన్ని డిగ్రీలు పక్కకు తిప్పాలి. ఆరు దిక్కులనూ తప్పించాలంటే మొదటి గీత పడకముందే రాయిని ఎంతోసేపు చూడాలి. లక్కను వేడి చేసి పుల్లకు అంటించే మన పద్ధతి ఈ రాయికి పనికిరాదు, ఆ వేడికే పగులుతుంది. చల్లగా గట్టిపడే జిగురు కావాలి. చక్రం నెమ్మదిగా తిరగాలి. చివరి మెరుగుకు మైనం పూసిన చక్రమో తగరం చక్రమో పెట్టి, సన్నని అల్యూమినా పొడితో పని చేస్తారు. ఇంత చేసి ముగించిన రాయి మీద తరవాత గరుకు గుడ్డతో ఒక్కసారి తుడిస్తే గీత. అందుకే దీన్ని సేకరణ రాయి అంటారు. కొన్నవాళ్ళు పెట్టెలో పెట్టుకుని చూసుకుంటారు, ఒంటి మీద పెట్టుకోరు. ఆ పని చేసేవాళ్ళ ఓపిక మీద నాకు గౌరవం ఉంది. ఒక రాయి సానపట్టి డబ్బు చేసుకోవాలంటే ఇంతకంటే తేలికైన రాళ్ళు ఎన్నో ఉన్నాయి.

దుమ్ము సంగతి కూడా చెప్పాలి. మన ఇంట్లో అలమర మీద పేరుకునే దుమ్ములో క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి. వాటి గట్టిదనం ఏడు. గోపాలపురం సముద్రం ఒడ్డున ఇసుకలో ఎర్రగా చారలు కట్టే గార్నెట్ కూడా ఏడుకు అటూ ఇటూ. ఆ గార్నెట్‌ను గరుకు కాగితాల్లో, కోత యంత్రాల్లో వాడతారు. అలాంటి గాలి వీచే ఊళ్ళో మూడున్నర గట్టిదనం ఉన్న రాయిని వేలికి పెట్టుకుని తిరిగితే కొన్ని నెలలకు ముఖాల అంచులు అరిగి గాజు పెంకులా అయిపోతుంది. రాయగడ వైపు దొరికే పిల్లికన్ను వైడూర్యం తరాల పాటు ఉంగరాల్లో నిలుస్తుంది. దాని గట్టిదనం ఎనిమిదిన్నర.

రంగు గురించి. కలుషితాలు లేని జింక్ సల్ఫైడ్‌కు రంగు లేదు. ప్రకృతిలో అలాంటిది అరుదు. జింక్ స్థానంలో ఇనుము దూరుతుంది. కొంచెం దూరితే పసుపు, తేనెరంగు, నారింజ. ఇంకా ఎక్కువైతే గోధుమ, చివరికి నలుపు. ఎర్రనివీ ఉన్నాయి, ఆకుపచ్చవీ ఉన్నాయి. బల్గేరియాలోని మదాన్ గనుల ఆకుపచ్చ రాళ్ళకు మంచి పేరుంది. కొనేవాళ్ళకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. ముదురు రంగు రాయి నీలం వెలుగును తనలోనే మింగేస్తుంది. విక్షేపణం 0.156 అని కాగితం మీద ఉన్నా, కంటికి ఎరుపు, నారింజ తళుకులే అందుతాయి. లేత పసుపు రాయి, లేత ఆకుపచ్చ రాయి ఇంకా ఎక్కువ రంగులు చూపిస్తాయి. అంకె అన్నిటికీ ఒకటే, కనిపించేది మాత్రం ఒక్కోదానికి ఒక్కో రకం. ట్యూబ్‌లైట్ కింద, పెద్ద ఎల్ఈడీ పలకల కింద ఏ రాయీ రంగులు బాగా చూపించదు, వెలుగు అన్ని వైపుల నుంచీ వచ్చి రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. చిన్న టార్చి కిందో, కిటికీలోంచి పడే ఎండలోనో చూడండి.

పేరున్న రాళ్ళు ఎక్కువగా వచ్చింది స్పెయిన్ ఉత్తరాన పికోస్ దె యూరోపా కొండల్లోని ఆలివా గని నుంచి. జింక్ కోసం తవ్విన గని అది. తేనెరంగు పారదర్శకమైన ముక్కలు అక్కడ దొరికినంత పెద్దవి, శుభ్రమైనవి ఇంకెక్కడా అంతగా దొరకలేదు. వంద క్యారట్లు దాటిన రాళ్ళు కూడా అందులోంచి కోశారు. 1989లో గని మూతపడింది. ఆ కొండలిప్పుడు జాతీయ పార్కు. మెక్సికోలో కనానియా నుంచి కూడా మంచి రాళ్ళు వచ్చాయి. మన దేశంలో స్ఫాలెరైట్ దండిగా ఉంది, రాజస్థాన్‌లో. కాకపోతే అది ఖనిజంగానే, నగరాయిగా కాదు. భీల్వారా జిల్లా రాంపురా అగూచా, ఉదయపూర్ దగ్గరి జావర్ గనుల నుంచి వచ్చేది ఇదే ఖనిజం. జావర్‌లో మట్టి మూసల్లో జింక్‌ను ఆవిరి చేసి పట్టిన పనిముట్ల గుట్టలు ఇప్పటికీ ఉన్నాయి. జింక్ 907 డిగ్రీల దగ్గరే మరిగి ఆవిరైపోతుంది. ఖనిజం నుంచి తీసేటప్పుడు మిగతా లోహాల్లా కరిగించి పోసుకోవడం కుదరదు, పొగలా జారిపోతుంది. ఆవిరిని కిందికి దించి చల్లార్చే ఉపాయం మనవాళ్ళు కనిపెట్టి పెద్ద ఎత్తున నడిపిన ఎంతో కాలానికి, 1738లో విలియం ఛాంపియన్ ఇంగ్లండ్‌లో దానికి పేటెంటు తీసుకున్నాడు.

ఈ ఖనిజంతో మనకున్న సంబంధం జింక్ పూత పూసిన జి.ఐ. రేకుల దగ్గర, ఇత్తడి బిందెల దగ్గర ఆగదు. స్ఫాలెరైట్‌లో జింక్ పక్కన చాలా లోహాలు దాక్కుంటాయి. 1863లో ఫ్రైబర్గ్‌లో రైఖ్, రిఖ్టర్ ఈ రకం ఖనిజాన్ని పరీక్షిస్తూ ఇండియం అనే లోహాన్ని కనుక్కున్నారు. 1875లో లెకాక్ ద బ్వాబొద్రాన్ పిరెనీస్ కొండల నుంచి వచ్చిన స్ఫాలెరైట్‌లో గాలియం కనుక్కున్నాడు. ఆవర్తన పట్టిక వేసిన మెండెలీఫ్ అంతకు కొన్నేళ్ళ ముందే అలాంటి మూలకం ఉండాలని చెప్పి చోటు ఖాళీగా ఉంచాడు. మనం ఇప్పుడు వాడే ఎల్ఈడీ బల్బుల్లో గాలియం ఉంది. నేడు గాలియం ఎక్కువగా వచ్చేది బాక్సైట్ నుంచి అల్యూమినా తీసే దారిలో. అలాంటి బాక్సైట్ మన కోరాపుట్‌లో పంచపట్‌మాలి కొండ మీద ఉంది.

ఇంకొక లోహం గురించి మాత్రం ఆగి చెప్పాలి. కాడ్మియం. అదీ జింక్ ఖనిజంలో కలిసే వస్తుంది, జింక్ తీసేటప్పుడు ఉపఫలంగా మిగులుతుంది. దాన్నే బంగారం టంకంలో కలిపి మనం కేడీఎం అన్నాం. కేడీఎం నగ అంటే స్వచ్ఛమైన నగ అని ఒక తరం మొత్తం నమ్మింది. అతుకు దగ్గర బంగారం శాతం తగ్గదు, అతుకు కనపడదు, నిజమే. కానీ కాడ్మియం 767 డిగ్రీలకే మరుగుతుంది. బంగారం కరగడానికి 1064 డిగ్రీలు కావాలి. ఊదుగొట్టం ముందు కూర్చున్నవాడి ముక్కుకు ఆ పొగ జానెడు దూరం. అది ఊపిరితిత్తుల్ని, మూత్రపిండాల్ని దెబ్బ తీస్తుంది. ఇప్పుడు జింక్ లాంటి వేరే లోహాలు కలిపిన టంకాలు వచ్చాయి. ఇరుకు గదుల్లో పని చేసే మీలో ఎవరి దగ్గరైనా పాత కేడీఎం టంకం మిగిలి ఉంటే దయచేసి వాడకండి. కిటికీ తెరిచి, చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించుకోండి. నగ అందంగా రావడం కోసం చేసేవాడు జబ్బు పడాల్సిన పని లేదు. ఈ సభకు రావడానికి ఒప్పుకున్నప్పుడే ఈ మాట చెప్పాలనుకున్నాను.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

రాయగడ నుంచి వచ్చిన బాబాయిగారు అడుగుతున్నారు, గోమేధికం అని ఎవరైనా ఈ రాయి తెస్తే పోల్చడం ఎలా అని. మంచి ప్రశ్న. తేనెరంగు, నారింజ రంగు స్ఫాలెరైట్ చూడ్డానికి గోమేధికానికి దగ్గరగా ఉంటుంది. రెండూ ఏక వక్రీభవనమే కాబట్టి ధ్రువణ పరీక్షతో విడదీయడం కష్టం. ముందు లూప్‌తో, అంటే కంటికి పెట్టుకునే భూతద్దంతో చూడండి. గోమేధికం లోపల పాకం కదిలినట్టు వంకరటింకర చారలు కనిపిస్తాయి. పైతలం తళుకు గాజుకు దగ్గరగా ఉంటుంది. స్ఫాలెరైట్ తళుకు వజ్రం వైపు ఉంటుంది, రంగులు చిమ్ముతుంది, ముఖాల అంచులు తరచుగా మొండిగా అరిగి ఉంటాయి. వక్రీభవన గుణకం కొలిచే రిఫ్రాక్టోమీటర్ ఉంటే పని తేలిక. గోమేధికం 1.74 దగ్గర చదువుతుంది. స్ఫాలెరైట్‌కు రీడింగే రాదు, ఆ పరికరం 1.81 దగ్గర ఆగిపోతుంది. నీళ్ళలో తూచే అలవాటున్నవాళ్ళకు ఇంకో దారి ఉంది. గోమేధికం సాపేక్ష సాంద్రత 3.65 చుట్టుపక్కల, స్ఫాలెరైట్ 4.09 చుట్టుపక్కల. గీసి మాత్రం చూడకండి. అది నిజంగా స్ఫాలెరైట్ అయితే మీరు తెలుసుకునేసరికి పాడైపోయి ఉంటుంది.

ఆ చెల్లెమ్మ అడుగుతోంది, అసలు దీన్ని నగలో పొదగనే కూడదా అని. పొదగొచ్చమ్మా. ఉంగరం, గాజు వద్దు. లాకెట్టు, చెవిదిద్దు, జడబిళ్ళ లాంటివి దెబ్బలు తక్కువ తినే నగలు. చుట్టూ అంచు కట్టి కూర్చోబెట్టాలి, అంచు మడిచేటప్పుడు రాయి మీద బలం పడకూడదు. మెత్తని, ఎక్కువ క్యారట్ల బంగారమైతే తేలికగా మడుస్తుంది. టంకం పని మొత్తం అయిపోయి, నగ చల్లారాక చివర్లో రాయి పెట్టాలి. రాయి ఉండగా మంట తగలకూడదు. అల్ట్రాసోనిక్ మెషీన్‌లో వేయకూడదు, ఆవిరి పెట్టకూడదు. గోరువెచ్చని నీళ్ళలో కొంచెం కుంకుడు రసం వేసి, మెత్తని కుంచెతో కడిగి, నీళ్ళు తుడవకుండా అద్దండి.

వెనక నుంచి ఒక తమ్ముడు చీకట్లో మెరుస్తుందని విన్నాను అంటున్నాడు. కొన్ని చోట్ల దొరికే స్ఫాలెరైట్‌ను చీకటి గదిలో గట్టిగా గీస్తే నారింజ రంగు వెలుగు వస్తుంది, అతినీలలోహిత దీపం కింద కూడా కొన్ని వెలుగుతాయి. ప్రయోగశాలలో చేసిన జింక్ సల్ఫైడ్ అయితే ఇంకా మంచి పనులు చేసింది. గైగర్, మార్స్‌డెన్ 1909లో బంగారు రేకు మీద ఆల్ఫా కణాలు కొట్టినప్పుడు, కణాలు తగిలిన చోట మిణుకులు చూపించిన తెర జింక్ సల్ఫైడ్‌దే. ఆ మిణుకుల లెక్క ఆధారంగానే వాళ్ళ ప్రయోగశాల పెద్ద రూథర్‌ఫర్డ్ పరమాణువుకు కేంద్రకం ఉందని తేల్చాడు. ఆ లెక్కలో మీ చేతిలోని బంగారం ఒక సగం, ఈ రాయి పదార్థం ఇంకో సగం.

చివరి ప్రశ్న. పర్లాకిమిడి పెద్దాయన అడిగారు, రాయి మీద ఆమ్లం చుక్క వేసి పరీక్షించొచ్చా అని. వద్దండి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం తగిలితే స్ఫాలెరైట్ కరుగుతుంది, కుళ్ళిన గుడ్ల వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు వస్తుంది. గనిలో ఖనిజాన్ని పోల్చడానికి ఆ పరీక్ష చేస్తారు, కోసిన రాయి మీద చేస్తే మెరుగు పోతుంది. టంకం తరవాత నగను వేసే పల్చని సల్ఫ్యూరిక్ ఆమ్లం నీళ్ళు కూడా దీనికి పడవు. రాయి పొదిగిన నగలో బంగారం చూడాల్సి వస్తే, రాయికి దూరంగా ఉన్న చోటు గీటురాయి మీద గీయండి, ఆమ్లం ఆ గీటు మీద వేయండి, నగ మీద వేయకండి. ఆమ్లం బుడ్డి మూత తీసి ఉండగా ఆ నగను అదే బల్ల మీద పెట్టకండి.